లక్ష్మీదేవి బొమ్మతో లెక్కల పేక

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటుంది. ఏ సగం తీసెయ్యాలో మాత్రం ఆవిడకీ తెలియదు. కాబట్టి ప్రెస్సుల్లో కొత్తగా చేరిన మీలాంటి కుర్రవాళ్ళు దీన్ని మొత్తం చదివి, నమ్మబుద్ధి కానిచోట పెన్సిలుతో గీత పెట్టుకుని ముందుకు పోవచ్చు. చివరికి వచ్చాక మళ్ళీ చూసుకోండి. గీత పెట్టినవే నిజమై ఉంటాయి.

యుద్ధం రోజుల సంగతి. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో నేను గుమాస్తాని. గుమాస్తా అన్నది పేరుకే. ఆర్డర్లు పట్టుకురావడం, ప్రూఫులు దిద్దడం, ప్రొప్రయిటరు గారి అత్తగారు ఊరినుంచి దిగితే స్టేషనుకెళ్ళి మూటలు మొయ్యడం, అన్నీ నా ఉద్యోగంలోవే. కాగితానికి కంట్రోలు వచ్చాక పని సన్నగిల్లింది. శుభలేఖలు అరచేతి వెడల్పుకి దిగిపోయాయి. పెళ్ళికొడుకు పేరు మరీ పొడుగైతే ఆ సంబంధం తప్పిపోతే బాగుండునని మా కంపోజిటరు లోలోపల కోరుకునేవాడు.

ప్రెస్సు మొత్తానికి నాకు ఇష్టమైన మనిషి బైండరు. నాకంటే బాగా పెద్దవాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. ముక్కుపొడి పీల్చి, తుమ్ము వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే ఏ మాటకైనా జవాబు చెప్పేవాడు. తుమ్ము రాకపోతే ఆ రోజుకి జవాబు లేనట్టే. మైదా దొరకని కాలం కనుక చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఆ పిండితో జిగురు కాచేవాడు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. ఆ జిగురుతో అతికించిన రెండు కాగితాలను విడదియ్యాలంటే జిల్లా కోర్టుకి వెళ్ళాల్సిందే.

అలాంటి రోజుల్లో ఒక బట్టల షావుకారు గారు మా ప్రెస్సు మెట్లెక్కారు. గవర్నర్‌పేటలోనే ఆయన చీరల కొట్టు. మగ్గాలూ, పాత ఇల్లూ మంగళగిరిలో. సముద్రం వైపు నుంచి విమానాలొచ్చి బాంబులేస్తాయన్న భయంతో అప్పటికే బెజవాడ సగం ఖాళీ అయింది. మనది పెద్ద జంక్షను కాబట్టి ముందు మన మీదే వేస్తారని అందరికీ గట్టి నమ్మకం. ఆ భయంలో కాస్త గర్వం కూడా ఉండేదనుకోండి. అందరిలాగే ఆయనా తల్లినీ, భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ మంగళగిరి ఇంటికి పంపించేశారు. పెద్దది పదకొండేళ్ళ ఆడపిల్ల. రెండోవాడు తొమ్మిదేళ్ళవాడు. బడి బెజవాడలో ఆగిపోయింది. పిల్లలు అక్కడ అరుగుల మీద తేలారు.

షావుకారు గారి భార్య థర్డ్ ఫారం దాకా చదువుకున్న మనిషి. పిల్లల చదువు పాడైపోతుందని పలకా బలపం పట్టుకుని ఇంట్లో తనే కూర్చోబెట్టింది. తెలుగు సాగింది. లెక్కల దగ్గర పిల్లలు పారిపోయేవారు. ఎక్కాలు ఒప్పజెప్పమంటే ఒకడికి కడుపునొప్పి, ఒకదానికి దాహం. ఆవిడ ఆలోచించి ఆలోచించి ఎక్కాలతో ఒక ఆట కట్టింది. దానికి ముక్కలు కావాలి. అట్టపెట్టెలు కత్తిరించి చేసుకున్నవి వారానికే నలిగి అప్పడాలైపోయాయి.

"ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలుండాలి. ఒక్కో అంకెకి నాలుగేసి ముక్కలు," అన్నారు షావుకారు గారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "పేకముక్కల్లా ఉండాలి. కానీ చూడ్డానికి పేకముక్కల్లా కనపడకూడదు."

"అదేమిటండీ?"

"మా అమ్మ ఉందండీ ఇంట్లో. మా తాత పేకలో మగ్గం పోగొట్టుకున్నాడు. మా అమ్మ కాపురానికొచ్చిన ఏడే. ఆ మగ్గం అవతలివాళ్ళు మోసుకుపోతుంటే వాకిట్లో నిలబడి చూసిందట. పేకముక్క కంటపడితే పొయ్యిలో పెడుతుంది. నన్ను కూడా పెట్టినా పెడుతుంది."

ఇలాంటి ఆర్డరు వస్తే ఇప్పటి మీరైతే కుదరదనేస్తారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మా గోడౌనులో ఆయనవే ఒక పెట్టెడు లేబుళ్ళు మూలుగుతున్నాయి. చీర మడత మీద అంటించే లేబుళ్ళు. తామరపువ్వులో లక్ష్మీదేవి, రెండువైపులా ఏనుగులు, బంగారు అంచు. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోవడంతో చీరలూ లేవు, లేబుళ్ళ అవసరమూ లేదు. కొత్త కాగితం కొనక్కర్లేకుండా, పెద్దావిడ నోరెత్తకుండా, రెండు పనులూ ఒక్క బొమ్మతో తేలిపోతాయి.

"ముక్క వెనకాల లక్ష్మీదేవిని పెడదామండీ. లక్ష్మీదేవి ఉన్నదాన్ని పేక అనడానికి ఎవరికి నోరొస్తుంది?" అన్నాను.

షావుకారు గారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తన కొట్లో నన్ను గుమాస్తాగా పెట్టుకుంటే ఎలా ఉంటుందని ఒక క్షణం, వద్దని ఒక క్షణం ఆలోచించినట్టుంది.

బైండరు బాబాయ్‌కి చెబితే ముక్కుపొడి పట్టు పట్టి, తుమ్మి, "దేవుడి బొమ్మ వెనక, ఆట ముందూనా? ఏదో ఒకటి అవుతుందిరా," అన్నాడు.

"ఏమవుతుంది బాబాయ్?"

"అది తెలిస్తే ప్రెస్సులో ఎందుకుంటాను? కొండమీద ప్రశ్న చెప్పుకుంటూ కూచోనూ?"

అంతటితో ఊరుకుని పనిలో పడ్డాడు. నాటకాల వాల్‌పోస్టర్లకు వాడే చెక్క టైపులోంచి అంకెలు ఏరాం. తిరగేస్తే ఆరు తొమ్మిదైపోతుంది కనుక రెండింటి కిందా గీత పెట్టాం. అట్టకి ముందువైపు అంకె కాగితం, వెనకవైపు లక్ష్మీదేవి లేబులు. అతికించి, బరువు పెట్టి, ఆరబెట్టి, అంచులు కోశాం. ముక్కలు ఎంత గట్టిగా వచ్చాయంటే, వాటిని ఇవ్వడానికి మంగళగిరి వెళ్తూ రైలు కృష్ణ వంతెన మీదుండగా కిటికీలోంచి ఒక అదనపు ముక్కని గాలికి వదిలేసుకున్నాను. అది కొట్టుకుపోయి కొట్టుకుపోయి హంసలదీవి దగ్గర ఒక జాలరి వలలో పడిందట. అప్పటికీ అంచు మెత్తబడలేదట. అతను దాన్ని పడవకి ముందుభాగంలో మేకు కొట్టి పెట్టుకున్నాడట. గీత పెట్టుకోండి ఇక్కడ.

మంగళగిరిలో పెద్దావిడ ముందు పేక దించాను. పచ్చటి మనిషి, నుదుట పెద్ద బొట్టు, చూపు మాత్రం తూనికరాయిలా ఉంటుంది. ఒక ముక్క తీసుకుని బొమ్మ చూసింది. ముందు కుడికంటికి అద్దుకుంది, తర్వాత ఎడమకంటికి అద్దుకుంది. నా గుండె చల్లబడింది.

"ఇవేంటి నాయనా?"

"ఎక్కాల కాగితాలండీ పెద్దమ్మగారూ."

"బాగున్నాయి," అని పిల్లలవైపు తిరిగింది. "ఒరేయ్, అమ్మవారు ఉందిక్కడ. ముట్టుకున్నప్పుడల్లా కళ్ళకద్దుకుని మరీ తియ్యాలి. మీకే చెప్పేది. కింద పడేశారో, కాలు తగిలించారో, అంతే సంగతులు."

అలా ఆ ఇంట్లో ఆటకి ఒక నియమం చేరింది. అది మేము అచ్చువేసింది కాదు. ప్రెస్సు మనిషికి ఇక్కడే ఒక పాఠముంది. ఆర్డరిచ్చినవాడు ఏమడిగాడో రాసుకుని వచ్చేస్తాం. ఆ వస్తువు చేతిలోకి తీసుకున్నవాడు మొట్టమొదట ఏంచేస్తాడో చూసి రాం.

ఆట ఎలాగో చెబుతాను, తేలికే. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూచుంటారు. తల్లి పక్కన. మధ్యలో ముక్కల దొంతర, లక్ష్మీదేవి పైకి కనపడేలా. ఇద్దరూ చెరో ముక్క తీస్తారు. తల్లి రెండు అంకెలూ చూసి హెచ్చవేసి పైకి చెబుతుంది. "యాభై ఆరు" అందనుకోండి. నీ చేతిలో ఏడుంటే, అవతలివాడి చేతిలో ఎంతుందో నువ్వు చెప్పాలి. ఏడెనిమిదులు యాభై ఆరు కనుక ఎనిమిది. ఎవరు ముందు చెబితే రెండు ముక్కలూ వాళ్ళవి. పిల్లలు తమకి తెలియకుండానే ఎక్కాలన్నీ ముందునుంచీ వెనకనుంచీ వల్లెవేసుకునే ఏర్పాటన్నమాట. ఆవిడ తెలివికి నేను ఇప్పటికీ నమస్కారం పెడతాను.

ఒకటి రెండు నెలలు గడిచాయి. బాంబుల భయం పల్చబడింది. బెజవాడ జనం ఒక్కొక్కరే వెనక్కొచ్చి తాళాలు తీసుకుంటున్నారు. ఒకరోజు షావుకారు గారు మిఠాయి పొట్లంతో ప్రెస్సుకొచ్చారు.

"మావాడు లెక్కల్లో పిడుగైపోయాడండీ! వాళ్ళమ్మ నోట్లోంచి మాట రావడమే ఆలస్యం, టక్కున చెప్పేస్తున్నాడు. అంతా మీ ముక్కల మహిమ. మా బంధువుల ఇళ్ళకి ఇంకో నాలుగు పేకలు చెయ్యండి."

మా ప్రొప్రయిటరు గారు ఆ మాటకి పొంగిపోయి నాకు కుర్చీ వేయించారు. ఆ ప్రెస్సులో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"అమ్మాయి ఎలా ఆడుతోందండీ?" అన్నాను, మర్యాదకి.

షావుకారు గారి మొహం కాస్త తగ్గింది. "దానికి లెక్క అబ్బలేదండీ. వాడు పది చెప్పేలోపు అది ఒకటి చెప్పదు. సోమవారం బడి తెరుస్తున్నారు కదా, వాడి పేరు రాయిస్తున్నాను. అమ్మాయికి ఇక చదువెందుకు, ఇంట్లోనే ఉండనీ, మగ్గానికి నూలు కండెలు చుట్టడం నేర్చుకుంటుంది అంది మా అమ్మ. ఆవిడ మాట..." అని చేతులు తిప్పారు.

కొత్త పేకల ఆర్డరుకి కొలతలు సరిచూసుకోవాలన్న వంకతో మర్నాడే మంగళగిరి వెళ్ళాను. నిజానికి కొలతలు నాకు కంఠతా వచ్చు. ఆ పిడుగును చూడాలని ఒక ముచ్చట.

పెద్దావిడ నిద్రపోతోంది. కోడలు మంచినీళ్ళిచ్చి గుమ్మం పక్కనే నిలబడింది.

"అన్నయ్యగారూ, మీ ముక్కలు నా కొంప ముంచాయండీ," అంది మెల్లగా.

"అదేంటి చెల్లెమ్మా?"

"పిల్లకి లెక్క రాదని తేల్చేశారు. పలక మీద వేస్తే అన్నీ సరిగ్గా చేస్తుంది. ఆటలో కూర్చుంటే తమ్ముడు దాన్ని నోరు తెరవనివ్వడు. అత్తయ్య రోజూ చూస్తారు. చూసింది చూసినట్టే కదా అంటారు. సోమవారం ఒక్క పేరే పడుతుందిట. ఆ తర్వాత ఇంక ఎప్పుడూ పడదు."

పిల్ల వసారా చివర కూచుని, ఇంట్లో మిగిలిన పాత నూలునే నేతవాళ్ళ ఆసు మేకుల చుట్టూ తిప్పుతోంది. నన్ను చూసి తల దించుకుంది. తమ్ముడు మాత్రం ఛాతీ ముందుకి పెట్టుకుని వచ్చాడు. వాడికి నేను మనసులో బుల్లి షావుకారు అని పేరు పెట్టుకున్నాను.

"ఆడమంటారా బాబాయ్‌గారూ? చూస్తారా?"

చూశాను. ఇద్దరూ ముక్కలు తీశారు. నియమం ప్రకారం లక్ష్మీదేవిని కళ్ళకద్దుకున్నారు. ఆ బొమ్మ వాళ్ళ కంటికి తగిలిందంటే, అంకె బయటివైపుకి తిరిగిందన్నమాట. పక్కనున్న తల్లికి రెండు అంకెలూ అప్పుడే కనపడతాయి. అది ఆవిడకీ బాగానే ఉంది, చేతులు చాచి ముక్కలు అడగక్కర్లేదు. పిల్ల రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతూ, ముందు కుడికంటికి, తర్వాత ఎడమకంటికి అద్దుకుంది. బుల్లి షావుకారు కూడా అద్దుకున్నాడు. ముక్క కుడికంటి మీద ఉండగా వాడి ఎడమకన్ను బిళ్ళలా తెరుచుకుని అక్కగారి ముక్క మీద వాలింది. ముక్క ఎడమకంటికి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు మూసుకుంది.

"ముప్ఫై..." అంది తల్లి.

"అక్క దగ్గర అయిదు!" అన్నాడు వాడు.

తల్లి అంకెలు చూసి హెచ్చవెయ్యడంలో ఉంటుంది, వాడి కన్ను చూడదు. నాయనమ్మ రోజూ వాడి వెనకనుంచి చూస్తుంది, వీపు కనపడుతుంది. అక్క కళ్ళు మూసుకుని ఉంటుంది. ప్రపంచంలో వాడి ఎడమకంటికి సాక్షిని నేనొక్కణ్ణే.

మా ముక్కలు అక్క అంకెని వాడికి చూపించే పనిచేస్తున్నాయి, భక్తి ఎక్కువైనవాళ్ళు ఓడిపోతున్నారు. చెప్పేద్దామంటే, పెద్దావిడ ముందు ఆ బొమ్మనే తప్పుపట్టాలి. బొమ్మ తీసేస్తే మిగిలేది పేక. పేకైతే పొయ్యి. కోడలి ఆట, పిల్ల చదువు, నా కుర్చీ అన్నీ అందులోనే పోతాయి. మనవడు దొంగాట ఆడుతున్నాడని బయటివాణ్ణి నేను చెబితే నాయనమ్మ నమ్ముతుందా? నా మాట మా ఆవిడే నమ్మదు.

బండి దిగగానే బైండింగు గదిలోకి వెళ్ళి బాబాయ్‌కి చెప్పాను. ముక్కుపొడి తీశాడు. నేను ఎదురుచూశాను. ఆయనా ఎదురుచూశాడు. చాలాసేపటికి తుమ్మాడు.

"ముసలమ్మని చూడనివ్వడం దేనికిరా? ఆడనియ్యి."

"ఆవిడ పేకాడుతుందా బాబాయ్?"

"పేకని ఎవడన్నాడు? ఎక్కాల కాగితాలన్నావుగా."

శుక్రవారం పొద్దున్నే మళ్ళీ బండెక్కాను. శుక్రవారమే ఎందుకంటే, లక్ష్మీదేవిని ముట్టుకోమంటే ఆ రోజు ఏ ఇల్లాలూ కాదనదు. పెద్దావిడ తలంటుకుని పసుపు రాసుకుని వసారాలో కూచుని ఉంది. కోడలితో గుమ్మంలోనే రెండు ముక్కల్లో వాడి ఎడమకన్ను సంగతి చెప్పాను. ఆవిడ కొంగు బిగించుకుని లోపలికెళ్ళి పేక తెచ్చింది.

"పెద్దమ్మగారూ, కొత్తగా నాలుగు పేక... నాలుగు కట్టలు చేస్తున్నామండీ. శుక్రవారం పూట మీ చేత్తో ఒక్క ఆట ఆడి ఇస్తే మాకు శుభం," అన్నాను.

"నేనా? ఈ వయసులోనా?"

"మీకు ఎన్నో ఎక్కం దాకా వచ్చండీ?"

ఆవిడ నావంక జాలిగా చూసింది. "ఇరవై. ఆపైన కాలూ అరా ముప్పావూ. ఇప్పుడంటే మా ఆయన కొట్టు కొడుక్కి అప్పగించి యాత్రలు తిరుగుతున్నారు గానీ, అప్పట్లో నేను ఎక్కాలు చెబుతుంటే ఆయన గుమాస్తాలు పెన్నులు పక్కన పెట్టి వినేవాళ్ళు."

అంతే, కాళ్ళు మడుచుకుని కూచుంది. ముందు ఎదురుగా మనవరాలు. ఇద్దరూ ముక్కలు తీసి కళ్ళకద్దుకున్నారు. ఆవిడ అద్దుకోవడం మామూలుగా ఉండదు. కుడికంటి మీద పెట్టి ఒక స్తోత్రం, ఎడమకంటి మీద పెట్టి ఇంకో స్తోత్రం. పిల్ల కూడా అంతసేపూ కళ్ళు తెరవలేదు.

రెండు మూడు ఆటలు పెద్దావిడే గెలిచింది. ఒకటి పిల్ల గెలిచింది. తర్వాత కోడలు రెండు ముక్కలూ చూసి, "యాభై నాలుగు," అంది.

పిల్ల తన ముక్క చూసుకుంది. పెదవులు కదిలాయి. మళ్ళీ చూసుకుంది. నోరు తెరవలేదు.

"చూశావుటే అమ్మాయ్, ఇదీ దీని వరస. నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు," అంది పెద్దావిడ కోడలితో. కానీ తనూ జవాబు చెప్పలేదు. తన ముక్క వంక చూసి కనుబొమ్మలు ముడిచింది.

"నాయనమ్మా," అంది పిల్ల, చాలా చిన్న గొంతుతో, "ఇది రాదు."

"నీకు రాదని తెలుసులే."

"నాకు కాదు. ఎవరికీ రాదు. నా దగ్గర ఏడుంది. ఏడో ఎక్కంలో యాభై నాలుగు లేదు. ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై ఆరు. మధ్యలో ఏమీ లేదు. అమ్మ తప్పు చెప్పింది."

పెద్దావిడ తన ముక్క తిప్పి చూపించింది. ఎనిమిది.

"ఎనిమిదో ఎక్కంలోనూ లేదు," అంది నెమ్మదిగా.

"అయ్యో అత్తయ్యా, పొరపాటున అనేశాను. యాభై ఆరు," అంది కోడలు తల దించుకుని.

"కళ్ళు ఎక్కడ పెట్టుకుని చెబుతున్నావమ్మా?" అంటూ పెద్దావిడ మనవరాలి వంక చూసింది. ఆ చూపు పొద్దుటినుంచి ఉన్న చూపు కాదు. "సరే, లే. వాణ్ణి రమ్మను."

బుల్లి షావుకారు తొడ చరుచుకుంటూ వచ్చి కూచున్నాడు. మొదటి ఆట వాడిదే. రెండోదీ వాడిదే. నాయనమ్మ స్తోత్రాలు ఎంత పొడుగైతే వాడికంత తీరిక. కోడలు నోరు తెరిస్తే చాలు, వాడు చెప్పేస్తున్నాడు. పెద్దావిడ మురిసిపోతోంది. "నా తండ్రే! వీడు వాళ్ళ తాతని మించుతాడు!"

ఇంకో జత తీశారు. కళ్ళకద్దుకున్నారు. కోడలు రెండు ముక్కలూ చూసింది.

"అరవై," అంది.

"నాయనమ్మ దగ్గర తొమ్మిది!" అన్నాడు వాడు, కాలర్ సర్దుకుంటూ.

పెద్దావిడ తన ముక్క చూసుకుంది. తొమ్మిదే. మురిపెంగా చెయ్యి చాచింది. చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"నీ దగ్గర ఎంతరా?"

"ఆరు."

"ఆరు పదులు అరవై. మీ అమ్మ చెప్పినదాని ప్రకారం నా దగ్గర పది ఉండాలి. తొమ్మిదని నీకెలా తెలిసింది?"

వాడు అమ్మవంక చూశాడు. అమ్మ నేలవంక చూస్తోంది. నావంక చూశాడు. నేను కొండవంక చూశాను.

"అదీ... అమ్మవారు చెప్పింది నాయనమ్మా."

"ఎవరూ? ఈ అమ్మవారా?"

"ఆఁ."

"ఇన్నేళ్ళనుంచి పూజ చేస్తున్నాను, నాకొక్క ముక్క చెప్పలేదు. నీకు చెప్పిందా?" పెద్దావిడ గొంతు పెంచలేదు. వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఏ కంటికి చెప్పిందిరా? కుడికంటికా, ఎడమకంటికా?"

వాడి ఎడమకన్ను అప్పుడే దానంతటది మూసుకుపోయింది. నిజం. ఇక్కడ గీత పెట్టకండి.

అరుపులూ దెబ్బలూ ఉంటాయని నేను చెప్పులు ఎక్కడున్నాయో చూసుకున్నాను. ఏమీ జరగలేదు. ఆవిడ ముక్కలన్నీ దగ్గరికి తీసి, దొంతర పెట్టి, పైనున్న బొమ్మని కాసేపు చూసింది.

"మా మామగారి పేకాట కూడా ఇలాగే జరిగింది," అంది ఎవరితోనూ కాకుండా. "ఆయన ముక్కలు అవతలివాడికి కనపడ్డాయి. కనపడుతున్నాయని ఆయనకి తప్ప అందరికీ తెలుసు." తర్వాత లోపలికి కేకేసింది. షావుకారు గారు ఆ పూట కొట్టుకి వెళ్ళలేదు, పంచె సర్దుకుంటూ వచ్చారు. "సోమవారం అమ్మాయి పేరు రాయించు. తప్పు లెక్కని తప్పని చెప్పగలిగిన పిల్లని కండెల దగ్గర కూచోబెడతామా?"

"మరి వీడి పేరో?"

"వీడికి ఇరవయ్యో ఎక్కం వచ్చేదాకా నా దగ్గరే చదువు. వచ్చాక చూద్దాం."

పిల్ల అప్పటికి ఆసు దగ్గర నిలబడి ఉంది. నవ్వలేదు, ఏడవలేదు. చేతిలో ఉన్న నూలు పోగుని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది. కాసేపయ్యాక, "మరి పలక కొత్తది కొంటారా నాన్నా?" అంది.

నేను చల్లగా జారుకుందామని లేచాను.

"అబ్బాయ్," అంది పెద్దావిడ. "నాలుగు కట్టలు చేస్తున్నానన్నావు. ఏం కట్టలవి?"

"ఎక్కాల కాగితాలండీ."

"పేకకి లక్ష్మీదేవి బొమ్మ అంటించి తెచ్చి ఎక్కాల కాగితాలంటావా? మొదటిరోజే తెలుసు నాకు. దొంతర కలుపుతుంటే చప్పుడు వినపడదనుకున్నావా? ఆ చప్పుడు నేను మర్చిపోతానా?"

చెప్పుల్లో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను.

"పొయ్యిలో ఎందుకు పెట్టలేదంటే," అంది, "పిల్లలు పిలవకుండానే వచ్చి ఎక్కాలకి కూచున్నారు. అది చూసి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా విను. నాకూ వీడికీ ఆడుకోవడానికి ఇంకో కట్ట కావాలి. అమ్మవారు ఉండాల్సిందే. అయితే ముక్క ఇంత ఇరుగ్గా కాదు. రెండు కళ్ళూ ఒక్కసారే మూసుకుపోయేంత వెడల్పు ఉండాలి."

ఆ కొలత ఎలా రాసుకోవాలో తెలియక బుల్లి షావుకారు మొహం మీద ఒక చెవినుంచి ఇంకో చెవిదాకా నూలు పోగు పెట్టి కొలిచి తెచ్చాను. మా ప్రొప్రయిటరు గారు ఆ పోగు చూసి, "ఇదేం పేకయ్యా, విసనకర్రల ఆర్డరా?" అన్నారు. ఒక్కో ముక్కకి ఇద్దరు లక్ష్మీదేవులు పక్కపక్కన పట్టారు. ఆరబెట్టడానికి బరువు చాలక మేడమీది ఇనప్పెట్టె దించాం. బైండరు బాబాయ్‌కి మంగళగిరి సంగతంతా విప్పి చెబితే ముక్కుపొడి లేకుండానే తుమ్మాడు.

"ఆ కోడలు రెండుసార్లు తప్పు చెప్పిందా?"

"రెండుసార్లు, బాబాయ్."

"ఒకసారి ఎవరి చేతిలో ఎక్కానికీ అందకుండా, ఇంకోసారి వాడి ఎక్కానికి అంది ముసలమ్మ ఎక్కానికి అందకుండా, సరిగ్గా కావలసినచోటే తప్పిందంటే, ఆవిడకి లెక్క ఎంత బాగా వచ్చుండాలిరా!"

నేనూ అదే అనుకుంటున్నాను. పైకి అనడానికి ఒక తోడు దొరికింది. అడిగి చూడాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

పెద్ద పేక పట్టుకుని వెళ్ళేసరికి పిల్ల తండ్రితో పొద్దున్న బండికి బెజవాడ వెళ్ళిపోయింది. ఆసు దగ్గర ఎవరూ లేరు. వసారాలో నాయనమ్మా మనవడూ పదమూడో ఎక్కంలో ఉన్నారు. వాడి గొంతులో ఉసూరుమనడం వీధిదాకా వినిపిస్తోంది. కోడలు గుమ్మంలోనే ఎదురొచ్చి కట్ట అందుకుంది.

"చెల్లెమ్మా, ఒక్క మాట," అన్నాను. "ఆ శుక్రవారం యాభై ఆరుని యాభై నాలుగన్నారు. యాభై నాలుగుని అరవై అన్నారు. అంతకుముందు ఎప్పుడైనా మీరు లెక్క తప్పారా?"

ఆవిడ కట్టలోంచి పై ముక్క తీసింది. కొత్త ముక్క కదా, ముట్టుకోగానే రెండు చేతులతో ఎత్తి మొహానికి పెట్టుకుని కళ్ళకద్దుకుంది. మేము కోసిన వెడల్పు సరిగ్గా సరిపోయింది. కళ్ళూ కనుబొమ్మలూ బుగ్గలూ అన్నీ దాని వెనక్కి వెళ్ళిపోయాయి. చాలాసేపు తియ్యలేదు. నవ్వు ఆపుకుంటున్నట్టు భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నావైపు తిరిగి కనపడుతున్నది ఒక్క అంకె. కింద గీతతో, ఆరు.